పిప్పి వడ్డన

గెర్వాజీ షెడ్డు తలుపు ఊరికే తీసేవాడు కాదు. ముందు టోపీ తీసి చంకలో పెట్టుకుని, రేకు తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. లోపల వేల బ్రాయిలర్ కోళ్ళు ఒకటే గోల. మనబోటి వాళ్ళకి అందులో గోల తప్ప ఇంకేం వినపడదు. ఆయన మాత్రం కాసేపు విని, "కుడి వరస గొట్టంలో నీళ్ళు రావట్లేదు" అనేవాడు. వెళ్ళి చూస్తే నిజంగానే ఆగిపోయి ఉండేవి. "ఆ మూల చలిగాలి కొడుతోంది, అన్నీ ఒక పక్కకి చేరాయి" అనేవాడు. చూస్తే ఆ మూల కిటికీ రెక్క ఊడి వేలాడుతూ ఉండేది. జగ్రోదా ఊళ్ళో కోళ్ళ షెడ్లున్న వాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఇలా వినేవాడు ఇంకొకడు లేడు.

విచిత్రమేమిటంటే, అంత చెవి ఉన్నవాడూ ఆ చెవిని నమ్మేవాడు కాదు. విన్నాక కూడా తలుపు తీసి, బూట్లు మార్చుకుని, మందు నీళ్ళలో అడుగులు తడుపుకుని, టార్చిలైటు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కో వరసా చూసి వస్తే తప్ప ఆయనకి తిండి సయించేది కాదు. ఎందుకలా అని అడిగితే, "నీకెందుకు?" అనేవాడు.

బోగ్నాకి ఆయనంటే చిన్నప్పటి నుంచీ గొప్ప. ఆయన తన తండ్రి లుడ్విక్‌కి స్నేహితుడు, వరసకి బాబాయ్ అని పిలుస్తుంది. నిజం చెప్పొద్దూ, ఊరు మొత్తం మీద ఆమె మనసులో దణ్ణం పెట్టుకునే మనిషి ఆయనొక్కడే. ఆ సంగతి పైకి చెప్పడానికి మాత్రం వీల్లేదు, చెబితే ఆయన నోటికి దొరికిపోవాలి. ఎదుటి మనిషి గాలి తీసెయ్యడంలో గెర్వాజీ పెట్టింది పేరు. పొగడ్డం మాత్రం చేతకాదు. మహా మెచ్చుకున్నాడంటే, "మరీ ఘోరంగా లేదు" అంటాడు. పెళ్ళినాడు పెళ్ళికూతురిని చూసి కూడా ఆ మాటే అన్నాడని, ఆవిడ చనిపోయేదాకా దాన్ని తలుచుకుని నవ్వేదని ఊళ్ళో చెప్పుకుంటారు.

అలాంటి మనిషి దగ్గరికి బోగ్నా ఒక ఆదివారం సాయంత్రం చేతిలో సంచి పట్టుకుని వెళ్ళింది. సంచిలో ఆరోనియా పిప్పి ఉంది.

ఆరోనియా అంటే కాటుక రంగులో ఉండే చిన్న పండు. నోట్లో వేసుకుంటే వగరుకి నాలుక బిగుసుకుపోతుంది. ఉత్తదే ఎవరూ తినరు, రసం తీసి తాగుతారు. జగ్రోదా చుట్టుపక్కల పొదలన్నీ కోశాక ఆ పండంతా బోగ్నా మిల్లుకే చేరుతుంది. తండ్రి కాలం నుంచీ అంతే. ఆయన తోపుడు బండి మీద ఒక మర బిగించుకుని మొదలుపెట్టిన మిల్లు అది. రసం సీసాల్లోకి పోతుంది, బాగానే ఉంది. మిగిలిన పిప్పి సంగతే పెద్ద గొడవైపోయింది. మిల్లు వెనక కొండలా పేరుకుపోయింది. రెండు రోజులు ఎండ తగిలితే పులుస్తుంది, కందిరీగలు ముసురుతాయి, కంపు చర్చి దాకా కొడుతుంది. అదీ కాక ఆ ఊటంతా కాలవలోకి దిగి గ్రామపెద్ద రొమువాల్డ్ చెరువులో కలుస్తోంది. రొమువాల్డ్ ఆ చెరువులో క్రిస్మస్ కోసం కార్ప్ చేపలు పెంచుతున్నాడు. చేపల జోలికొస్తే ఆయన సొంత తమ్ముణ్ణి కూడా క్షమించడు.

"సెయింట్ మార్టిన్ పండక్కి ఫైర్‌స్టేషన్ హాల్లో ఊరి మీటింగు పెడుతున్నా. ఆలోగా ఆ చెత్తకుప్పకి దారి చూపించావా సరే. లేదా, మిల్లు మూసెయ్యమని తీర్మానం రాయించి పైకి పంపిస్తా. ఇక నీ ఇష్టం" అని మొహం మీదే చెప్పేశాడు.

బోగ్నా నాలుగు చోట్ల తిరిగింది. లుబ్లిన్ పట్నంలో కోళ్ళ మేత గురించి చదువు చెప్పే ఒకావిడ, "ఎండబెట్టిన పిప్పి దాణాలో కలిపి పెట్టొచ్చు, పేగుకి మంచిదే, కానీ వందకి మూడు పాళ్ళు దాటనివ్వకు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. ఎండబెట్టడానికి చోటు కూడా దొరికింది. బీరులో వేసే హాప్స్ పూలని ఆరబెట్టే కొట్టం ఒకటి ఊరి చివర ఉంది. హాప్స్ కోతలు అయిపోయాక అది ఖాళీయే. అక్కడ వేడిగాలిలో పిప్పిని పరిచి, కర్రతో తిరగేసి తిరగేసి, గలగలలాడేలా ఆరబెట్టింది. చేతులు మోచేతుల దాకా ఊదారంగు తిరిగిపోయాయి, ఎంత రుద్దినా పోలేదు. ఇక కావాల్సింది తినే కోళ్ళు. గెర్వాజీ ఒప్పుకుంటే మిగతా షెడ్ల వాళ్ళు నోరెత్తకుండా ఒప్పుకుంటారు. ఆయన కాదంటే ఇంకెవరి గుమ్మం తొక్కినా దండగే.

గెర్వాజీ సంచిలోకి తొంగి చూశాడు. "ఏంటమ్మాయ్, నీ మిల్లు చెత్త నా కోళ్ళ నోట్లో కుక్కుదామని వచ్చావా?"

"చెత్త కాదు బాబాయ్, ఎండబెట్టిన పిప్పి. వందకి మూడు పాళ్ళే."

"మూడు పాళ్ళ చెత్త అన్నమాట."

"ఒక్కసారి వాసన చూడండి పోనీ."

"నా ముక్కు ఖాళీగా లేదు. మీ నాన్నా ఇంతే, ఏదో ఒకటి పట్టుకొచ్చి నా నెత్తిన రుద్దేవాడు. కుందేళ్ళు పెంచుదామన్నాడోసారి. నా కాబేజీ తోటంతా మేసి పోయాయి."

ఈలోగా లోపల్నుంచి గెర్వాజీ తల్లి ఫెలిత్సియా గొంతు వినపడింది. "పిల్లని గుమ్మంలో నిలబెట్టి ఏంట్రా ఆ మాటలు? లోపలికి రమ్మను. తిన్నావా అమ్మా?"

"తిన్నాను బామ్మా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, ఇంట్లో."

"అది తిండేనా? రా, కూర్చో."

ఫెలిత్సియాకి ఎనభై దాటాయి. అయినా ఆ ఇంటికి వెళ్ళి కడుపు నిండకుండా బయటపడ్డవాడు ఇంతవరకూ లేడు. ఆవిడ ముందు "చాలు" అంటే "ఇంకొంచెం" అన్నట్టే లెక్క. పళ్ళెం ఖాళీ చేస్తే నచ్చిందని మళ్ళీ వడ్డిస్తుంది, మిగిలిస్తే నచ్చలేదేమోనని వేరేది వడ్డిస్తుంది. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన కుర్రాడొకడు సూపూ, కుడుములూ, గసగసాల కేకూ తిని, నడవలేక వాళ్ళ సోఫాలోనే నిద్రపోయాడట. ఆ వడ్డనకి బోగ్నా ఏనాడూ ఎదురు చెప్పలేదు, చెప్పినా లాభం లేదు.

ఆ సాయంత్రం ఆవిడే కొడుకుని ఒప్పించింది. "లుడ్విక్ కూతుర్రా. చిన్న షెడ్డులో పెట్టి చూడు, నీ సొమ్మేం పోయింది?"

గెర్వాజీ చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పాడు. చివరికి, "చిన్న షెడ్డు ఒక్కటే. కలిపేది నువ్వే. కొలత ఒక్క పిసరు అటూ ఇటూ అయిందా, నీ పిప్పితో పాటు నిన్నూ బయటికి గెంటుతా" అన్నాడు.

బోగ్నాకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

మొదట్లో కోళ్ళు ఆ నల్లటి పొడిని చూసి బెదిరిపోయాయి. గిన్నెల దగ్గరికి రావడం, మెడ చాచి చూడ్డం, వెనక్కి పరిగెత్తడం. బోగ్నాకి పై ప్రాణాలు పైనే పోయాయి. గెర్వాజీ వంగి, గిన్నె మీద వేలితో టకటక కొట్టాడు, అచ్చం పెట్ట ముక్కుతో పొడిచినట్టు. ఒక పుంజు వచ్చింది. దాని వెనక ఇంకోటి. చూస్తుండగానే గిన్నె చుట్టూ తొక్కిడి మొదలైంది. తల్లి ముఖమే ఎరగని ఆ పిల్లలకి కూడా ఆ చప్పుడు తెలుసంటే తెలుసు, అంతే. ఆ వేలి వంక చూస్తూ బోగ్నా నోరు వెళ్ళబెట్టి నిలబడిపోయింది.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి తనే కొలిచి కలిపేది. మిగిలిన పిప్పి బస్తాలు షెడ్డు ముందు గదిలో ఉండేవి. కోళ్ళు చక్కగా పెరుగుతున్నాయి. కింద పరిచిన పొట్టు పొడిగా ఉంది, కాళ్ళకి పుళ్ళు లేవు. ఒకరోజు గెర్వాజీ ఒక కోడిని పట్టి, పాదాలు తిప్పి చూసి, దించేసి, "మరీ ఘోరంగా లేదు" అన్నాడు. బోగ్నా ఇంటికెళ్ళే దారంతా ఆ మాటే తలుచుకుంటూ పాటలు పాడుకుంది.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్నప్పుడే చావుకొచ్చి పడింది. మీటింగుకి ఇంకా పది రోజులుందనగా, సమాధుల మీద దీపాలు పెట్టే సమస్త పునీతుల పండగనాడు, తెల్లారీ తెల్లారకముందే ఫోను. "వచ్చి చూడు" అన్నాడు గెర్వాజీ. గొంతు పీలగా ఉంది.

షెడ్డులో పొట్టు మీద ఎక్కడ చూసినా ఎర్రటి రెట్ట. ముదురు ఎరుపు, తడితడిగా, చారలు చారలుగా ఉంది. కోళ్ళు పెంచే ఊళ్ళో పుట్టిన మనిషికి ఆ రంగు ఏమిటో చెప్పనక్కర్లేదు. రక్తపారుడు. పేగు చిట్లి నెత్తురు పడే రోగం. ఒకదానికి వచ్చిందంటే షెడ్డుకి షెడ్డు తుడిచిపెట్టుకుపోతుంది.

గెర్వాజీ ఒక కోడిని కోసి, ముందు గదిలో తొట్టి అంచున పెట్టాడు. "చూడు. పేగంతా ఎరుపే."

"పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశారా?"

"చేశా. వాళ్ళ అమ్మానాన్నల సమాధుల దగ్గరికి వెళ్ళిందట, క్రాకోవ్ అవతలకి. రేపు గానీ రాలేనంది. ఇవాళ ఊళ్ళో ఎవడు ఇంట్లో ఉంటాడు? అందరూ శ్మశానాల్లోనే." అలమర తలుపు తీసి మందు డబ్బా బయట పెట్టాడు. "నీళ్ళలో మందు కలిపేస్తున్నా."

మందు పడితే ఆ బ్యాచ్ అనుకున్న రోజుకి అమ్మడానికి వీల్లేదు, మందు ఒంట్లోంచి పోయేదాకా ఆగాలి. అది ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, మీటింగులో "పిప్పి పెడితే గెర్వాజీ కోళ్ళకి రక్తపారుడు వచ్చింది" అన్న ఒక్క మాట చాలు. మిల్లు అక్కడికక్కడే మూతపడుతుంది. తండ్రి చేతులతో బిగించిన మర తుక్కు కింద పోతుంది.

"బాబాయ్, తలుపు దగ్గర విన్నారా ఇవాళ?"

"విన్నా."

"ఏం వినపడింది?"

ఆయన డబ్బా మూత తిప్పుతున్న చెయ్యి ఆగింది. "ఏమీ వినపడలేదు. ఎప్పటిలాగే తింటున్నాయి, తాగుతున్నాయి. జబ్బు గొంతు ఒక్కటి లేదు."

"మరి చెవిని నమ్మరేం?"

"నమ్మే చచ్చాను!" అని అరిచాడు గెర్వాజీ. ఆ అరుపుకి గదిలో పార ఒకటి జారి కింద పడింది. "మా ఆవిడ పోయిన ఏడు, సాయంత్రం ఇలాగే విన్నా. బాగానే ఉన్నాయనుకున్నా. లోపలికి వెళ్ళి చూడబుద్ధి కాలేదు, వెళ్ళి పడుకున్నా. పొద్దున తలుపు తీస్తే చప్పుడే లేదు. ఎక్కడివి అక్కడే పడి ఉన్నాయి. ఆవిడ పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడ్చానమ్మా ఆ షెడ్డులో, పిచ్చివాడిలా. ఇంక ఈ చెవులతో నాకేం పని?"

రోజూ ఆ టార్చిలైటు ఎందుకో బోగ్నాకి ఇన్నేళ్ళకి అర్థమైంది. ఆయన మీద జాలి ఒక పక్క, తన మిల్లు మీద బెంగ ఒక పక్క.

"మధ్యాహ్నం భోజనాల దాకా ఆగండి" అంది. "అప్పటికి ఒక్క కోడి అయినా రెక్కలు వాల్చి మూల కూర్చుంటే, మందు నేనే నా చేత్తో కలుపుతా. నా పిప్పి నేనే మోసుకుపోతా. నాన్న మీద ఒట్టు."

ఆయన డబ్బాని కోటు జేబులో పెట్టుకున్నాడు.

శ్మశానానికి వెళ్ళక తప్పదు కదా, ముగ్గురూ వెళ్ళారు. ఊరంతా అక్కడే ఉంది, చామంతులూ, గాజు దీపాలూ, ఉన్నిశాలువలూ. ఫెలిత్సియా భర్త సమాధి మీద ఆకులు తుడిచి, ఆయన ఇంకా వింటున్నట్టే ఇంటి సంగతులన్నీ చెప్పింది. గెర్వాజీ భార్య సమాధి దగ్గర దీపం వెలిగించి, టోపీ చంకలో పెట్టుకుని, జేబులో డబ్బాని చేత్తో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. బోగ్నా తండ్రి సమాధి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది గానీ ప్రార్థన ఒక్క ముక్క నోటికి రాలేదు. మనసంతా షెడ్డులోనే ఉంది.

తిరిగొచ్చాక గెర్వాజీ నేరుగా షెడ్డుకి పోయి చూసొచ్చాడు. ఒక్కటీ వాలలేదు. ఎరుపు మాత్రం అలాగే ఉంది. ఆయన వచ్చి బల్ల ముందు కూర్చుని, మందు డబ్బా ఉప్పు గిన్నె పక్కన పెట్టాడు. "ఈ భోజనం అయ్యేదాకా. తర్వాత నన్ను ఆపకు."

ఫెలిత్సియా బాతు మాంసం పెట్టింది, బంగాళదుంప కుడుములు పెట్టింది. "తిను" అంది. ఎవరూ తినలేదు. అయినా వడ్డిస్తూనే ఉంది. తర్వాత పొయ్యి మీది ఎర్ర క్యాబేజీ కూర గిన్నె దించి బల్ల మీద పెట్టింది. జగ్రోదా బావి నీళ్ళల్లో సున్నం ఎక్కువ. ఆ నీళ్ళల్లో ఎర్ర క్యాబేజీ ఉడికితే నీలంగా తయారవుతుంది, చూడ్డానికి సిరా కలిపినట్టుంటుంది. అందుకే ఆ ఊళ్ళో ప్రతి ఇల్లాలూ వడ్డించే ముందు వెనిగర్ పోస్తుంది. ఫెలిత్సియా కూడా సీసా వంచి, ఒక చుట్టు తిప్పి, గరిటెతో కలిపింది. నీలం కాస్తా చూస్తుండగానే గులాబీరంగుకి తిరిగింది.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తంతే అది. అయినా బోగ్నా కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచింది.

"బామ్మా, ఆ సీసా ఇలా ఇవ్వు. వంటసోడా ఎక్కడుంది?"

"కూరలో సోడా ఏంటే, పిచ్చి పట్టిందా?"

"కూరలో కాదు. బాబాయ్, రండి!"

సీసా, సోడా, రెండు తెల్ల సాసర్లు పట్టుకుని షెడ్డు ముందు గదికి పరిగెత్తింది. గెర్వాజీ మందు డబ్బా జేబులో వేసుకుని వెనకే వచ్చాడు. ఆయన వెనక చేతికర్ర టకటకలాడిస్తూ ఫెలిత్సియా. బోగ్నా ఒక్కో సాసర్లో కాస్త ఎర్ర రెట్ట వేసి, నీళ్ళతో పలుచన చేసింది. ఒకదాంట్లో వెనిగర్ పోసింది. ఎరుపు ఇంకా తేటపడి గులాబీరంగు తేలింది. రెండోదాంట్లో సోడా చల్లింది. బుసబుస పొంగి, ఎరుపు నీలమైంది, నీలం కాస్తా ఆకుపచ్చ కలిసిన బూడిదరంగుకి దిగింది.

"నెత్తురైతే సోడా వేసినా ఎర్రగానే ఉంటుంది బాబాయ్. వెనిగర్ పోస్తే మట్టిరంగుకి తిరుగుతుంది. పాట్లు ఎన్ని పడినా నీలం కాదు. ఇది నెత్తురు కాదు, నా ఆరోనియా!"

గెర్వాజీ తొట్టి అంచున పొద్దున కోసిపెట్టిన పేగుని తీసి, కుళాయి తిప్పి, దాని కింద పెట్టి బొటనవేలితో నెమ్మదిగా తోమాడు. ఎర్రటి నీళ్ళు జారిపోయాయి. కింద పేగు గోడ తెల్లగా, నున్నగా, చిన్న గీత కూడా లేకుండా బయటపడింది. పొద్దున భయంలో దాన్ని కడిగి చూడాలన్న ఆలోచనే ఆయనకి తట్టలేదు. బోగ్నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కానీ ఇంత ఎరుపు ఎలా వస్తుంది?" అన్నాడు చివరికి. "ఇన్ని రోజుల్నుంచీ తింటున్నాయి, రెట్ట కాస్త నల్లబడింది తప్ప ఇలా ఎప్పుడూ లేదే. అమ్మాయ్, కొలత తప్పావా?"

"తప్పలేదు బాబాయ్. రోజూ అదే కొలత డబ్బా, అదే గీత."

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఫెలిత్సియా గోడ వైపు చూస్తోంది. ఆవిడ ఏప్రాను జేబులు రెండూ ఊదారంగులో ఉన్నాయి.

"అమ్మా."

"ఏంటి?"

"ఏం చేశావు?"

"నేనేం చేశాను? ఏం చెయ్యలేదు." కర్రతో నేల మీద గీతలు గీసింది. "నువ్వు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు వెళ్ళి చూసేదాన్ని, అంతే. బూట్లు మార్చుకునే వెళ్ళానురా, కావాలంటే చూడు. అవి ఆ నల్ల ముక్కలు ఏరుకుని ఏరుకుని తింటున్నాయి. అయిపోగానే నా మొహంలోకి చూస్తున్నాయి. అంత ఆశగా చూస్తుంటే, ఎదురుగా బస్తా నిండా ఉంచుకుని, పెట్టకుండా ఎలా వస్తానురా? వందకి మూడంట! ఎవడైనా ఇంటికొచ్చినవాడికి వందకి మూడు పెడతాడా? నాకు సిగ్గేసింది. ఒక దోసెడు వేశా. తర్వాత ఇంకో దోసెడు. నిన్న పండగ ముందు రోజు కదా అని ఏప్రాను నిండా వేశా."

బోగ్నాకి నవ్వాగలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. "బామ్మా, నీ వడ్డన నా మిల్లు మూయించేదే!"

ఆ మాటకి ముసలావిడ మొహం చిన్నబోయింది. "అయ్యో తల్లీ" అంటూ ఊదారంగు చేతుల్తోనే బోగ్నా చెంపలు పట్టుకుంది. గెర్వాజీ అగ్గి మీద గుగ్గిలం అవుతాడనే ఇద్దరూ ఎదురుచూశారు. ఆయన జేబులోంచి మందు డబ్బా తీసి, అలమరలో పెట్టి, తలుపు మూశాడు.

"బస్తాల గదికి ఇవాళే తాళం" అన్నాడు. "తాళంచెవి అమ్మాయి దగ్గరుంటుంది. పదండి, కూర చల్లారిపోతోంది."

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. ఇంకో కోడిని కోసి చూసింది, రెట్ట పట్టుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది, "రోగం లేదు, రొష్టు లేదు. కాకపోతే ఇంకా రెండ్రోజులు ఆవిడ చేత పెట్టించి ఉంటే పొట్టంతా జిగటపట్టి కాళ్ళు పుళ్ళయ్యేవి" అని తేల్చింది. ఆ రెండు సాసర్ల కథ విని పగలబడి నవ్వి, తను చదువుకునేటప్పుడు ఎవరూ ఇంత రుచిగా చెప్పలేదంది. వెళ్ళేముందు ఫెలిత్సియా ఆవిణ్ణీ వదల్లేదు, బాతు కాలొకటి కాగితంలో చుట్టి బ్యాగులో కుక్కింది.

సెయింట్ మార్టిన్ పండగ ముందు రోజు లారీ వచ్చి కోళ్ళని పట్టుకుపోయింది. తూకం ఎంతొచ్చిందో గెర్వాజీ బోగ్నాకి చెప్పలేదు. ఆమె అడగడానికీ భయపడింది. ఆయన ముఖం చూసి ఏమైనా తెలుసుకుందామంటే ఆ ముఖంలో ఏనాడు ఏం తెలిసింది గనక?

పండగనాడు ఫైర్‌స్టేషన్ హాలు కిటకిటలాడింది. రొమువాల్డ్ లేచి, కాలవ గురించీ, కందిరీగల గురించీ, కార్ప్ చేపల గురించీ చాలాసేపు మాట్లాడాడు. "మిల్లు వెనక చెత్తకుప్ప సంగతి ఇవాళ తేలిపోవాలి. ఎవరైనా చెప్పేదుంటే చెప్పండి" అని ముగించాడు. బోగ్నా లేవబోయింది.

అంతలోనే వెనక బెంచీ కిర్రుమంది. గెర్వాజీ లేచాడు. ఊరి మీటింగులో ఆయన నోరు విప్పగా ఎవరూ చూడలేదు. అందరూ తలలు తిప్పారు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు, అచ్చం షెడ్డు తలుపు ముందు నిలబడ్డట్టే.

"ఏ కుప్ప?" అన్నాడు.

"అదేనయ్యా, మిల్లు వెనకది. చెత్త."

"అది చెత్త కాదు. నా కోళ్ళ దాణా. ఆ కుప్పంతా నాది. హాప్స్ కొట్టంలో ఎండబెట్టి చిన్న షెడ్డుకీ పెద్ద షెడ్డుకీ పెడతా. ఎండినది కాలవలోకి కారదు, నీ చేపలకి ఢోకా లేదు." హాలంతా కలయజూశాడు. "ఇప్పుడు చెప్పండి, నా దాణాని చెత్త అన్నదెవరో ఒకసారి లేచి నిలబడండి. మొహం చూడాలని ఉంది."

ఎవరూ లేవలేదు. ఎక్కడో ఒకడు కిసుక్కున నవ్వాడు, ఆ నవ్వు బల్ల నుంచి బల్లకి పాకింది, చివరికి రొమువాల్డ్ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. ముందు వరస నుంచి ఇంకో షెడ్డాయన లేచి, "కుప్పంతా నీదేనంటే ఎలాగయ్యా, మాక్కూడా కాస్త మిగుల్చు" అన్నాడు. ఫెలిత్సియా కూర్చున్న చోటు నుంచే, "అందరికీ సరిపోతుంది నాయనా, నేను చూసుకుంటాగా" అని అరిచింది. "నువ్వు మాత్రం చూసుకోకు!" అని గెర్వాజీ, బోగ్నా ఒకేసారి అరిచారు. మిల్లు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బోగ్నా మొహాన్ని శాలువలో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంత సంతోషంగా ఆమె ఎప్పుడూ ఏడవలేదు.

చిన్న షెడ్డులోకి కొత్త పిల్లలు దిగాయి. అవి కాస్త ఎదిగాక ఒక సాయంత్రం బోగ్నా పిప్పి కొలిచి కలిపి బయటికి వచ్చేసరికి గెర్వాజీ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. టోపీ తీశాడు. చెవి ఆనించాడు. ఎప్పటిలాగే బోగ్నా పక్కన నిశ్శబ్దంగా నిలబడి, ఆయన విని అయ్యేదాకా ఆగింది. తర్వాత ఆయనకి అందివ్వడానికి మేకు మీంచి టార్చిలైటు తీసి పట్టుకుంది.

గెర్వాజీ తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "బాగున్నాయి" అన్నాడు.

బోగ్నా సరిగ్గా విన్నానో లేదోనని ఆయన వంకే చూసింది. ఆయన టోపీ పెట్టుకుని, గడియ మీద చెయ్యైనా వెయ్యకుండా, వంటింటి దీపం వైపు నడిచి వెళ్ళిపోయాడు. లోపల్నుంచి ఫెలిత్సియా ఎవరికో ఇంకో కుడుము పెడుతున్న చప్పుడు వినపడుతోంది. బోగ్నా వెలిగించని టార్చిలైటుని మళ్ళీ మేకుకి తగిలించి, ఆయన వెనకే ఇంట్లోకి నడిచింది.